అందరూ పట్టే లెన్సు

మొన్న శుక్రవారం మా మనవరాలు నన్ను వెంటబెట్టుకుని వజీరాబాద్ బజారులో కెమెరాలమ్మే దుకాణానికి తీసుకుపోయింది. పిల్ల కాలేజీలో చదువుతోంది. ఫొటోల పిచ్చి నా దగ్గర్నుంచే అంటుకుందని ఇంట్లో వాళ్లందరూ నేరం నా మీదికి తోస్తారు, నేను కాదనను. ఆ పిచ్చిలోనే మెట్లు దిగుతూ కెమెరా జారవిడిచి, ముందున్న లెన్సు పగలగొట్టుకుంది. ఆదివారం మా చిన్నకొడుకు బిడ్డకు బారసాల, చుట్టాలంతా వస్తారు, అందరినీ కూర్చోబెట్టి ఫ్యామిలీ ఫొటో తీయాలి, ఆలోగా ఇంకో లెన్సు కావాలి. నలభై ఏళ్లు ఈ నాందేడ్‌లో స్టూడియో నడిపినవాణ్ని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ల సలహా ఎందుకనుకుందో ఏమో నన్ను పిలిచింది, నేను కూడా మీసం దువ్వుకునే బయల్దేరాను.

దుకాణం నడిపే అబ్బాయి మరాఠీవాడు. వాళ్ల నాన్న పెళ్లికి ఫొటోలు తీసింది నేనే అని గుర్తుపట్టి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, గాజుబల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి మనిషి మొహాన్ని ముద్దుగా చూపించి వెనకనున్న చెత్తాచెదారమంతా పొగలా కరిగించేసేది. రెండోది వెడల్పు ఎక్కువది, ఇరుకు గదిలో కూడా ఇంటిల్లిపాదీ పట్టేది. "కాకా, ఫ్యామిలీసాఠీ కోణ్తీ దేఊ?" అంటూ, కుటుంబానికి ఏదివ్వమంటారని నన్నే అడిగాడు. మనవరాలేమో మొహాలు ముద్దుగా చూపేదాన్ని చేతపట్టుకుని వదలడం లేదు. అందులో అందరూ పట్టరేమోనని అబ్బాయి నసిగితే, ఈ పిల్ల తలైనా ఎత్తకుండా, "పట్టకపోతే నాలుగడుగులు ఎన్కకు పోత, గంతే గద తాతా?" అంది.

గంతే. అంతకు మించి అందులో ఏ విద్యా లేదు. అవునమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. చాయ్ చల్లారిపోతోందని దుకాణదారు రెండుసార్లు గుర్తుచేశాడు. ఎండ పడక తాతకు కళ్లు తిరిగాయనుకుని పిల్ల నీళ్లసీసా అందించింది. కళ్లు తిరగలేదు, ఏమీ లేదు. పట్టకపోతే నాలుగడుగులు వెనక్కి పోవాలని నాకు తెలియని రోజంటూ లేదు, తెలిసి తెలిసి ఒక మనిషిని నిలబెట్టి, నువ్వు పట్టవు అని చెప్పినవాణ్ని నేను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, పడనీ. డెబ్బై దాటాక ఇంకా ఎవరికోసం దాచుకోవాలి? ఇది చదివేవాళ్లలో నా ఈడువాళ్లే ఎక్కువ, మీలోనూ ఒకరిద్దరికి ఇలాంటి ముల్లేదో లోపల విరిగి ఉండే ఉంటుంది, అందుకని చెబుతున్నాను.

ఆ మనిషి మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క. పెళ్లయిన రెండో ఏడే పెదనాన్న పోతే, అత్తవారింట ఉండలేక, పుట్టింటికి బరువు కాలేక నాందేడ్‌కు వచ్చి, తెలుగువాళ్లుండే ఒక గల్లీలో ఒంటిగది తీసుకుని బొంతలు కుట్టుకుని బతికింది. మా ఊరు బిలోలీ అవతల, తెలంగాణను ఆనుకుని ఉంటుంది, మా పొలం గట్టు మీద నిలబడి అరిస్తే పక్క రాష్ట్రంలో పలికేవాళ్లు. ఆ ఊళ్లో నాలుగో తరగతి దాటితే బడి లేదు. అందుకని తొమ్మిదేళ్ల వయసులో మా నాన్న నన్ను బస్సెక్కించి తెచ్చి పెద్దమ్మ గదిలో వదిలిపోయాడు. ఆ వేళనుంచి నా పెళ్లయ్యేదాకా ఆమె కాల్చిన జొన్నరొట్టె తిని, ఆమె కుట్టిన బొంత కప్పుకుని పెరిగాను. మరాఠీ బడిలో మాట రాక ఏడ్చుకుంటూ వస్తే, తనకూ రాని మరాఠీలో పంతులును తిట్టి నన్ను నవ్వించేది. అమ్మ అన్న మాటకు నాకు ఇద్దరు మనుషులున్నారు, అందులో అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఈమెది.

బొంత కుట్టడం చూడనివాళ్లకు అది పాతగుడ్డల పనిలా కనిపిస్తుంది. ఇళ్లిళ్లూ తిరిగి చిరిగిన చీరలూ ధోవతులూ తెచ్చుకుని, బాగున్నమేరకు ముక్కలు చేసి, ఒకదాని అంచు ఒకదానికి కలుపుతూ పోవాలి. పెద్దమ్మకు టేపు లేదు, గజంబద్ద లేదు. జాన, బెత్తెడు, బొటనవేలు, ఇవే కొలతలు. ముక్కను దూరంనుంచి చూసి, "గిది గాడ పడ్తది" అనేది, తెచ్చి పెడితే సరిగ్గా పడేది. మరాఠీ ఇళ్ల ఇల్లాళ్లు, తాము గోధడీ అనే ఆమె బొంత కోసం వానాకాలమంతా ఎదురుచూసేవాళ్లు, ఎందుకంటే ఆమె కుట్టిన దానిలో వేలు దూరేంత సందు కూడా ఉండేది కాదు. ఈ సంగతి ఇంత సాగదీసి ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

పదిహేడో ఏట నేను స్టేషను రోడ్డులో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. అక్కడి ఉస్తాద్ దక్కనీ మాట్లాడే పెద్దమనిషి, నిజాం కాలంనాటి శేర్వానీ ఒకటి మేకుకు వేలాడదీసుకుని, తహసీలు కచేరీ సాహెబులు వచ్చినప్పుడు మాత్రమే తొడిగేవాడు. మాకు చిన్న కెమెరాలు ఉన్నా, ఇంటిల్లిపాదీ ఫొటోకు మాత్రం మూడుకాళ్ల చెక్క కెమెరానే. నల్లగుడ్డ కప్పుకుని వెనకనున్న పాలగాజులోకి చూస్తే ఎదుట కూర్చున్నవాళ్లు తలకిందులుగా వేలాడుతూ కనిపించేవారు. తర్వాత లెన్సుకు మూత పెట్టి, ఆ గాజు చోట ఫిలిం పెట్టె దూర్చి, ముందు లెన్సుకున్న మూత తీసి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి మళ్లీ మూత పెట్టేయాలి. ఇప్పటి పిల్లలకు చెబితే వంట చేసే పద్ధతేదో చెబుతున్నాననుకుంటారు.

రోజూ మధ్యాహ్నం పెద్దమ్మ రొట్టెల డబ్బా తెచ్చి, నేను తినేదాకా తలుపు పక్క బల్ల మీద కూర్చునేది. ఫొటోకొచ్చిన కుటుంబాలను చూడటం ఆమెకు సినిమా చూసినంత సంబరం. చంటిపిల్లలు ఏడిస్తే గాజులు మోగించి నవ్వించేది, ముసలివాళ్లను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టేది. కానీ తాను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ ఫొటో దిగలేదు. ఆమె పెళ్లినాటికి వాళ్ల ఊరికి కెమెరా రాలేదు, తర్వాత దిగడానికి పక్కన మనిషి లేడు. నేను పని నేర్చుకున్నాక ఒకసారి, రా పెద్దమ్మా, నీది తీస్తాను అంటే, "ఒక్కదాన్ని ఏం దిగుత కొడుకా. నీ పెండ్లి కానీ, అందర్ల దిగుత" అంది. అది మొదలు నా పెళ్లి మాట ఎవరెత్తినా, ఆమె పప్పూబూరెల సంగతి అడగలేదు, నగల సంగతి అడగలేదు, ఫొటో ఎప్పుడు దిగుతామని ఒక్కటే అడిగేది. జన్మకు ఆమె నన్ను కోరిన కోరిక అదొక్కటే.

ఉస్తాద్‌కు చూపు మందగించి స్టూడియో నా చేతిలో పెట్టిన ఏడు, వానలకు పెంకులు కారి కెమెరా పెట్టెలోకి నీళ్లుపోయాయి. లెన్సులోపల బూజు పట్టింది, ఎవరిని తీసినా మంచుపొగలో నిలబడ్డట్టు వస్తున్నారు. అప్పుడే నాకు సంబంధం కుదిరింది, పిల్లది కిన్వట్ వైపు. ముహూర్తం లోపల కొత్త లెన్సు తేవాలని హైదరాబాద్ బయల్దేరితే, పెద్దమ్మ నాకు రొట్టెలు కట్టిస్తూ, "మంచిగ సూసి తే కొడుకా. అందరు పట్టాలె" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మీటరుగేజి బండి ముద్ఖేడ్‌లో ఆగి, ధర్మాబాద్‌లో ఆగి, నిజామాబాద్‌లో ఇంజనుకు నీళ్లు తాగించుకుని, కాచిగూడలో దించేసరికి నా చొక్కా నిండా బొగ్గునుసి. ఆ నుసితోనే పాతకెమెరాలమ్మే ఒక ముసలాయన దుకాణం వెతుక్కుంటూ పోయాను.

ఆయన లెన్సు చూపించిన పద్ధతి నేను ఈనాటికీ మరచిపోలేదు. తలుపు ముప్పాతిక మూసి, గది చీకటి చేసి, మిగిలిన సందులో లెన్సు పట్టుకుని దానికెదురుగా ఒక తెల్లకాగితం పెట్టాడు. బయటి గల్లీ మొత్తం ఆ కాగితం మీద తలకిందులుగా పడింది. మొదటి లెన్సులో ఎదుటి పాన్‌డబ్బా, అందులో కూర్చున్న మనిషి మీసంతో సహా ముచ్చటగా వచ్చారు గాని అటూఇటూ ఏమీ లేదు. రెండోది పెట్టేసరికి పాన్‌డబ్బా, దాని పక్క టైలరు, ఆ పక్క నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు, ఇటు రిక్షా, అందులో నిద్రపోతున్నవాడు, అందరూ ఆ కాగితం మీదికి వచ్చేశారు. "చౌడా లేలో మియా, సబ్ సమాతే ఇస్మే" అన్నాడాయన. వెడల్పుది తీసుకో, అందరూ పడతారని. ఇంకో మాట అనకుండా అదే తీసుకున్నాను. తీసుకుంటున్నప్పుడు నా మనసులో ఉన్నది పెద్దమ్మే, అబద్ధమాడితే కళ్లు పోతాయి. తెచ్చి చూపిస్తే కొంగుతో తుడిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని, ఇంతంత అద్దంలో అంతమంది ఎట్లా పడతారో అని ఆశ్చర్యపోయింది. ఎంతమందైనా పడతారు పెద్దమ్మా అని నా నోటితో నేనే చెప్పాను.

పెళ్లయింది. మా వైపు కొత్త జంటను మాహూర్ తీసుకుపోయి రేణుకమ్మకు చూపించే ఆచారం ఉంది. రెండు కుటుంబాలూ కలిసి పోయాం, పెద్దమ్మ కూడా మెట్లన్నీ ఎక్కి, కోడలికని అమ్మవారి దంచిన తాంబూలం కొంగున కట్టుకుని తెచ్చింది. తిరిగొచ్చిన మర్నాడు అమ్మవారి కుంకుమ అందరూ నొసట పెట్టుకుని ఫొటో దిగాలి, ఆ ఫొటో కొత్త జంట గదిలో తూర్పుగోడకు పెట్టాలి, పొద్దున లేవగానే ముందు దాన్ని చూడాలి. ఇది మా ఇళ్లలో పద్ధతి.

స్టూడియో వెనక పెరట్లో తెల్లదుప్పటి కట్టి, కుర్చీలు వేసి, కెమెరా నిలబెట్టాను. మా అమ్మానాన్నా, అత్తమామలూ, బావమరదులూ, పిల్లలూ అందరూ చేరారు. పెద్దమ్మ పెట్టె అడుగునుంచి నీలం అంచు చీర తీసి, చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. వచ్చి వరస చివర, అందరికన్నా కొసన నిలబడింది. నొసట కుంకుమ లేని మనిషి ఆ వరసలో ఆమె ఒక్కతే. నేను నల్లగుడ్డలో తలదూర్చబోతుంటే మా మామ పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఈ మాట నమ్మండి, తర్వాత నాకు ఎన్నో మేళ్లు చేశాడు. గొంతు తగ్గించి, "అల్లుడా, పొద్దున లేస్తే పోరి మొదలు సూసే ఫొటో గిది. జర... నీకెర్కే గద" అన్నాడు. అంతే అన్నాడు. తప్పించమని కూడా అనలేదు. ఆమె నా తల్లి మామా అని నేను ఒక్క మాట అంటే, ఆయన రెండో మాట అనేవాడు కాడు, అది కూడా నాకు తెలుసు. కొత్తల్లుణ్ని, అత్తవారి ముందు మంచివాడిననిపించుకోవాలి. అదీ నా ఆపద.

పోనీ, పెద్దమ్మా ఆచారం ఇట్లా ఉంది అని మొహం మీద చెప్పే దమ్ముందా అంటే అదీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను లెన్సు మీదికి నెట్టాను. "కొత్త అద్దంల అందరు పడ్తలేరు పెద్దమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "పడ్తలేరా? మొన్న ఎంతమందైనా పడ్తరంటివి?" అంది. ఎండలో తేడా వస్తుంది, ఇంట్లో ఒక తీరు, బయట ఒక తీరు అని ఏదో వాగాను. మా అమ్మ తల వంచుకుంది. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, "సరే తియ్ కొడుకా, మీరు దిగుండ్రి" అంటూ వరసలోంచి బయటికొచ్చి నా పక్కన నిలబడింది.

ఇక్కడ నేను చేసిన పని విని మీరు నవ్వినా తప్పులేదు. పెళ్లికొడుకును నేనే, నేను వెళ్లి కుర్చీలో కూర్చోవాలి. ఉస్తాద్ మంచంలో ఉన్నాడు, మూత తీసి లెక్కపెట్టేవాళ్లు ఇంకొకరు కావాలి. రోజూ చూసి చూసి ఆ పని తెలిసిన మనిషి పెద్దమ్మ ఒక్కతే. పైగా నేను కూర్చున్నాక నా తల గాజులో పడిందో లేదో ఎవరో ఒకరు గుడ్డ కప్పుకుని చూసి చెప్పాలి, అది చేయకుండా ఫిలిం పెట్టకూడదని ఉస్తాద్ నాకు మొదటిరోజు నేర్పిన పాఠం. అలవాటు చొప్పున, పెద్దమ్మా, నేను పడ్డానో లేదో చూడు అని, నా చేతులతో నేనే ఆమె తల మీద నల్లగుడ్డ కప్పి వెళ్లి కూర్చున్నాను. కూర్చున్న తర్వాత తెలిసింది నేనేం చేశానో.

గుడ్డ కింద ఆమె కాళ్లు రెండే కనిపిస్తున్నాయి. ఆ పాలగాజులో ఇప్పుడు ఆమె చూస్తున్నది నాకు అక్షరాలా తెలుసు. మేమందరం ఉన్నాం, వరస అయిపోయాక ఆ కొసన తెల్లదుప్పటి ఖాళీగా ఉంది, ఆమె నిలబడ్డ చోటు అలాగే ఉంది. ఒకవేళ లేకపోయినా కెమెరా వెనక గోడ దాకా పది అడుగుల నేల ఉంది. చింపిరిగుడ్డల్లో బొటనవేలంత తేడా పట్టే మనిషికి అది కనబడకుండా ఉంటుందా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది అతకలేదు. దొంగకు తేలు కుట్టినట్టు, కెవ్వుమనడానికి లేక కుర్చీలో బిగుసుకుపోయాను. ఆమె చాలాసేపు ఆ గుడ్డలోంచి రాలేదు. పిల్లలు కదలడం మొదలుపెట్టారు. చివరికి బయటికొచ్చి, కళ్లు కొంగుతో ఒత్తుకుని, "అందరు తలకిందులున్నరు గని మంచిగున్నరు. నువ్వు సుత పడ్డవ్ కొడుకా" అంది.

నేను లేచివెళ్లి ఫిలిం పెట్టె దూర్చి వచ్చాను, ఆమె వైపు చూడలేదు. ఆమె మూత తీసి, "ఒకటి, రెండు" అని నా ఉస్తాద్ లెక్కపెట్టినంత నిదానంగా లెక్కపెట్టి మూత పెట్టింది. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో అందరూ నిటారుగా కెమెరా వైపు చూస్తున్నారు, నేనొక్కణ్నే తల దించుకున్నాను. కొత్త పెళ్లికొడుకు గదా, తల ఎత్తలేదని మా అత్తవారు ఏళ్ల తరబడి మురిసిపోయారు. ఫొటో కడిగి ప్రింటు వేసేటప్పుడు ఆ కొసనున్న ఖాళీని కత్తిరించేశాను.

 మర్నాడు పెద్దమ్మ యథాప్రకారం రొట్టెల డబ్బా తెచ్చి బల్ల మీద కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. తిట్టకపోగా గల్లీలో అడిగినవాళ్లకు, పిల్లగాడి కొత్త అద్దం చిన్నదట, పాపం, అందరూ పట్టరట అని తానే చెప్పేది. నా అబద్ధాన్ని నా తరఫున ఆమె మోసింది. నాకేమో స్టూడియోకు పెద్ద కుటుంబమేదైనా వస్తే గుండె దడ. పదిహేనుమంది ఆ లెన్సులో పడటం ఆమె కళ్లారా చూస్తుంది గదా! రెండు నెలలు ఓర్చుకున్నాను. మూడో నెల మళ్లీ బండెక్కి హైదరాబాద్ పోయి, ఆ ముసలాయన ముందు వెడల్పు లెన్సు పెట్టి, దీన్ని తీసుకుని ఆ ఇరుకుది ఇమ్మన్నాను. "లోగాఁ తంగ్ దేకో చౌడా లేతే, తుమ్ ఉల్టా ఆరైఁ క్యా?" అని ఆయన పకపకా నవ్వాడు, జనం ఇరుకుది ఇచ్చి వెడల్పుది పట్టుకుపోతారు, నువ్వు తిరగేసి వచ్చావేమిటని. మొహాలు బాగా రావాలి సాబ్ అన్నాను. అబద్ధం నిజం కావాలని మంచి లెన్సు వదిలేసి తక్కువది తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు ఈ నాందేడ్ జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆ లెన్సుతో చాలా ఏళ్లు తీశాను. మొహాలు నిజంగానే బాగా వచ్చేవి, పేరు కూడా వచ్చింది. అయితే స్టూడియో లోపలి గది పొట్టిది, వెనక్కి పోవడానికి చోటుండేది కాదు, పెరట్లో వానాకాలం బురద. పెద్ద కుటుంబం వచ్చినప్పుడు, కొంచెం దగ్గరకు జరగండి, పక్కకు తిరిగి నిలబడండి అని ఎంత సర్దినా ఒకరిద్దరు మిగిలిపోయేవారు. ఎవరు తప్పుకోవాలో నేనెప్పుడూ చెప్పలేదండీ, చెప్పాల్సిన అవసరమే రాలేదు. వాళ్లంతట వాళ్లే తప్పుకునేవాళ్లు. ఒకసారి పిల్లలు కలగని కోడలు, ఒకసారి మొగుడు వదిలేసి పుట్టింట పడి ఉన్న ఆడబిడ్డ, ఒకసారి ఇంట్లో ఊడిగం చేసే దూరపుచుట్టం. "మీరు దిగుండ్రి" అని మా పెద్దమ్మ మాటే అనేవాళ్లు, మరాఠీవాళ్లయితే మరాఠీలో అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నేను గబుక్కున గుడ్డలో తల దూర్చుకునేవాణ్ని. తల దాచుకోవడానికి గుడ్డ ఉన్న పని నాది, అదొక్కటే నా అదృష్టం.

కాలం గడిచింది. పెద్దమ్మ చేతులు వణికి సూది పట్టలేని స్థితి వచ్చాక మా ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య ఆమెను కడుపున పుట్టిన కూతురిలా చూసుకుంది, ఆ విషయంలో నాకు లోటు కనపడదు. ఒకనాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనివేళ, ఇక ఆలస్యం చేస్తే మనిషి దక్కదనిపించి కెమెరా ఇంటికి మోసుకొచ్చాను. కిటికీ పక్క మంచం, నిండా ఎండ, ఒక్క మొహానికి ఆ ఇరుకు లెన్సును మించింది లేదు. పెద్దమ్మా, ఇటు చూడు, నీ ఫొటో తీస్తాను అన్నాను. ఆమె నన్నూ కెమెరానూ చూసి నవ్వి, "ఒక్కదాన్ని ఏం దిగుత కొడుకా. గది పదకొండో దినం పెట్టే ఫొటో అయితది" అంది. నేను నిలబడే ఉన్నాను. ఆమె కప్పుకున్న బొంత అంచు వేళ్లతో తడుముకుంటూ, కోపం లేదు, నిష్ఠూరం లేదు, గుడ్డముక్క ఎంత మిగిలిందో చెప్పినట్టు, "ఆ పొద్దు కొసకు బొటనేలంత జాగ ఉండె. నేను సన్నగనే ఉంటి గద" అంది.

ఇన్నేళ్ల తర్వాత ఆమె నాకొక దారి తెరిచింది. తప్పయింది పెద్దమ్మా అని ఆ కాళ్లు పట్టుకుంటే నా జన్మ తేలికయ్యేది. నేనేం చేశానో తెలుసా? "ఎల్తురు సాల్తలేదు పెద్దమ్మా, మల్ల తీద్దాం" అని కెమెరా మడిచేశాను. మిట్టమధ్యాహ్నం, మంచం నిండా ఎండ. మొదటిసారి లెన్సు మీదికి నెట్టాను, రెండోసారి సూర్యుడి మీదికి నెట్టాను. ఆమె కిటికీ వైపు చూసి, ఆ ఎండను చూసి, "అవ్ కొడుకా, సాలదు లే" అంది. నా అబద్ధానికి రెండోసారి కూడా ఆమే సాయం పట్టింది. ఆ తర్వాత ఇరవై రోజులు కూడా బతకలేదు.

పదకొండోనాడు పూలదండ వేయడానికి ఫొటో కావాలన్నారు. ఫొటోగ్రాఫరు ఇంట్లో ఫొటో లేదు. ఎవరో కుర్రాళ్లు వచ్చి బడి వరండాలో లైనులో నిలబెట్టి తీసిన ఓటరు కార్డు ఒకటి దొరికింది, అందులో ఆమె మొహం బొగ్గు పూసినట్టుంది. దాన్నే పెద్దది చేశాను. చీకటిగదిలో ఎంత గింజుకున్నా కళ్లు తేలలేదు. ఊళ్లో సగం ఇళ్ల గోడల మీద నేను తీసిన మొహాలున్నాయి, నన్ను పెంచిన మనిషిది మాత్రం గవర్నమెంటువాళ్లు తీసిందే దిక్కయింది. చూసి పోయినవాళ్లంతా, పాపం, ముసలమ్మకు ఫొటో అంటే ఇష్టం ఉండేది కాదేమో అన్నారు. నేను అవునన్నాను.

ఆదివారం మా ఇంట బారసాల బాగా జరిగింది. మనవరాలు తనకు నచ్చిన లెన్సే కొనుక్కుంది, నేను అడ్డు చెప్పలేదు. అందరినీ వాకిట్లో వరస కట్టించింది, అందులో ఈమధ్యనే భర్త పోయిన మా వియ్యపురాలు కూడా ఉంది, ఎవరూ ఆమెను జరగమనలేదు, ఆమే జరగబోతే పిల్లలు చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగారు. నేను నా అలవాటు ప్రకారం కెమెరా వెనకాల చేరాను, ఎవరో ఒకరు బయట ఉండి తీయాలి గదా అని. పిల్ల నవ్వి, "నువ్వు సుత రా తాతా, గది దానంతట అదే తీస్తది" అని నన్ను తోసుకుంటూ తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఎర్రదీపం ఒకటి టకటకా కొట్టుకుంది, ఫొటో వచ్చేసింది. బయట ఎవరూ మిగల్లేదు. ఈ కాలంలో ఫొటోకు అందరూ పడతారు, తీసేవాళ్లతో సహా పడతారు. ఇలాంటి మిషను ఆ రోజు మా పెరట్లో ఉండి ఉంటే పెద్దమ్మ కూడా మాతో దిగేది గదా అని కళ్లు చెమర్చబోయాయి, అంతలోనే నా మీద నాకే అసహ్యం వేసి ఆగిపోయాను. ఆ రోజు లెన్సు అందరినీ పట్టేదే, కాగితం మీద గల్లీ మొత్తాన్ని చూసుకుని, ఆమె కోసమే ఏరి తెచ్చింది. ఈ మిషనున్నా నేను ఇంకో వంక వెతికేవాణ్ని. దొరికేది కూడా.